బస్టాప్ పేరు కాదు.. రియాక్టర్‌కు కళ్లూ చెవులూ ఇచ్చిన ఇంజినీరు

ఏఎస్ రావు నగర్. మా బసంత్‌నగర్, ఎన్టీపీసీ, గోదావరిఖని వైపు నుంచి కోచింగ్‌కో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లి, ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ దగ్గర హాస్టల్లో దిగినవాళ్లు రోజుకు నాలుగుసార్లయినా ఈ పేరు పలుకుతారు. షేర్ ఆటో ఎక్కేటప్పుడు ఒకసారి, ఫుడ్ డెలివరీకి అడ్రస్ చెప్పేటప్పుడు ఇంకోసారి. ఆ రావు ఎవరని అడిగితే మాత్రం ఎవరో కాలనీ వేసిన పెద్దమనిషి అయి ఉంటారనుకునేవాళ్లే ఎక్కువ.

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. మన దేశంలో మొదటి అణు రియాక్టర్ నడవడానికి కావలసిన కంట్రోల్ వ్యవస్థను తయారుచేయించిన ఇంజినీరు. ఆ రియాక్టర్ సామర్థ్యం గరిష్ఠంగా 1 మెగావాటు. ఇప్పుడు పేపర్లలో చిన్న రియాక్టర్లు, ఎస్‌ఎంఆర్‌లు అని రోజూ చదువుతున్నాం కదా.. మన అణుశక్తి చరిత్ర మొదలైందే అంతకంటే బుల్లి రియాక్టర్‌తో. అందుకే ఈ రంగంలో ఉద్యోగం చేయాలనుకునేవాళ్లు తెలుసుకోవలసిన మొదటి జీవితం ఆయనదే అని నా అభిప్రాయం.

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గర మోగల్లు ఆయన సొంతూరు. అల్లూరి సీతారామరాజు కుటుంబానిదీ అదే ఊరు. 1914 సెప్టెంబరు 20న పుట్టారు. కాశీ వెళ్లి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో యూనివర్సిటీలో అధ్యాపక ఉద్యోగమంటే మాటలు కాదు. దాంతో జీవితం సాఫీగా గడిచిపోయేది. కానీ ముప్పై దాటాక అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశారు. అంటే ఫిజిక్స్ వదిలేయలేదు, దాన్ని చేత్తో పట్టుకునే వస్తువుగా మార్చే విద్య నేర్చుకున్నారు. ఇరవై నాలుగేళ్లకే బ్రాంచ్ తప్పు తీసుకున్నానని దిగులుపడేవాళ్లు ఈ వయసు లెక్క ఒకసారి చూసుకోండి.

తిరిగొచ్చేసరికి దేశానికి కొత్తగా స్వాతంత్ర్యం వచ్చింది. హోమీ భాభా 1945లో స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బొంబాయిలో నడుస్తోంది. 1948 ఆగస్టులో అణుశక్తి కమిషన్ ఏర్పాటైంది. రావు భాభా బృందంలో చేరారు. మొదట్లో పని కాస్మిక్ కిరణాల మీద. ఆకాశం నుంచి వచ్చే కణాలను లెక్కపెట్టాలంటే కౌంటర్లు కావాలి, వాటికి నిలకడైన హై వోల్టేజీ కావాలి, వచ్చిన చిన్న పల్స్‌ను పెద్దది చేసే యాంప్లిఫయర్ కావాలి. ఇవేవీ మన దగ్గర దొరికేవి కావు. విదేశాల్లో ఆర్డర్ పెడితే డబ్బూ పోతుంది, నెలల టైమూ పోతుంది. పైగా పాడైతే బాగుచేసేవాడు ఇక్కడ ఉండడు. అందుకని ఇన్‌స్టిట్యూట్‌లోనే పరికరాలు తయారు చేసుకునే పని మొదలైంది. భాభా థియరీ మనిషి. రావు సోల్డరింగ్ ఐరన్ మనిషి. ఇద్దరి జోడీ అలా కుదిరింది.

అక్కడ తయారైన పరికరాలు మొదట్లో చిన్నవే. రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్లు, మీటర్లు, పవర్ సప్లైలు. అయితే వాక్యూమ్ ట్యూబుల కాలం అది. ట్యూబు వేడెక్కితే రీడింగ్ మారిపోతుంది, తేమకు ఇన్సులేషన్ దెబ్బతింటుంది. బొంబాయి వర్షాకాలంలో అలాంటి సర్క్యూట్ నమ్మకంగా పనిచేయాలంటే కాపీ కొట్టిన డ్రాయింగ్ చాలదు, ప్రతి పార్టూ ఎందుకుందో తెలిసి ఉండాలి. ఈ అలవాటే తర్వాత రియాక్టర్ దగ్గర అక్కరకొచ్చింది.

1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ మొదలైంది. ఇప్పటి బార్క్ అదే, ఆ పేరు 1967లో వచ్చింది. 1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగంపై ఐక్యరాజ్యసమితి పెట్టిన తొలి మహాసభకు భాభాయే అధ్యక్షుడు. అదే ఏడాది ట్రాంబేలో సొంత రియాక్టర్ పని మొదలైంది. ఇంధనం బ్రిటన్ ఇస్తుంది. డిజైన్, నిర్మాణం, కంట్రోల్ వ్యవస్థ మనవాళ్లవే. ఆ కంట్రోల్ భాగం రావు నడిపే ఎలక్ట్రానిక్స్ విభాగం మీద పడింది. వ్యవధి ఏడాది పైచిలుకు. అప్పటికి రియాక్టర్ నడిపిన అనుభవం ఆ బృందంలో ఎవరికీ లేదు.

ఇక్కడ కాస్త ఆగి, వాళ్లకు ఎదురైన సమస్య ఏమిటో చూద్దాం. ఇంటర్వ్యూల్లోనూ పనికొస్తుంది.

మన ఎన్టీపీసీలో ఒక యూనిట్ పవర్ పెంచాలంటే బొగ్గు ఎక్కువ వేస్తారు, గాలి ఎక్కువ పంపుతారు. వేసిన బొగ్గును మించి మంట రాదు. రియాక్టర్ సంగతి అలా కాదు. లోపల ఎన్నో నెలలకు సరిపడా ఇంధనం ముందే ఉంటుంది. యురేనియం కేంద్రకం ఒకటి చీలితే న్యూట్రాన్లు వస్తాయి, అవి మరిన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఒక తరం న్యూట్రాన్లు వంద ఉంటే తర్వాతి తరం కూడా సరిగ్గా వందే ఉండాలి. అప్పుడే పవర్ నిలకడగా ఉంటుంది. వెయ్యికి వెయ్యిన్నొకటి అయినా పవర్ పెరుగుతూ పోతుంది. మామూలు నీటిలో ఒక తరం సెకనులో పదివేలవ వంతులోనే ముగిసిపోతుంది. ఆ లెక్కన వెయ్యికి ఒక్కటి తేడా వస్తే ఒకే ఒక్క సెకనులో పవర్ ఇరవై వేల రెట్లు అవ్వాలి! ఏ మనిషీ, ఏ మోటారూ దాన్ని పట్టుకోలేవు.

మరి రియాక్టర్లు ఎలా నడుస్తున్నాయి? ప్రకృతి చిన్న వెసులుబాటు ఇచ్చింది. యురేనియం-235 చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్లలో దాదాపు 0.65 శాతం వెంటనే రావు. కొన్ని సెకను లోపు, కొన్ని నిమిషం దాటాక నింపాదిగా వస్తాయి. వీటిని డిలేడ్ న్యూట్రాన్లు అంటారు. ఈ ఒక్క శాతం కూడా లేని ఆలస్యం వల్ల, ఇందాక చెప్పిన వెయ్యికి ఒకటి తేడాలో పవర్ రెట్టింపు కావడానికి సుమారు అర నిమిషం పడుతుంది. కంట్రోల్ ఇంజినీరు బతుకంతా ఆ అర నిమిషంలోనే ఉంది.

ఇక కొలవడం సంగతి. రియాక్టర్ మొదలయ్యేటప్పుడు పవర్ మిల్లీవాట్లలో ఉంటుంది, పూర్తిస్థాయిలో మెగావాటు. రెండింటికీ వంద కోట్ల రెట్ల తేడా. ఒకే మీటరు, ఒకే స్కేలుతో అది కుదరదు. కింది స్థాయిలో న్యూట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే కౌంటర్లు, పైస్థాయిలో కరెంటు ఇచ్చే అయాన్ చాంబర్లు, మధ్యలో లాగరిథమిక్ యాంప్లిఫయర్లు కావాలి. పవర్ ఎంతుందో చెప్పడంతో సరిపోదు, ఎంత వేగంగా పెరుగుతోందో కూడా చెప్పాలి. దాన్ని పీరియడ్ మీటర్ అంటారు. నా దృష్టిలో కంట్రోల్ రూమ్‌లో అన్నింటికంటే ముఖ్యమైన సూది అదే. ఏది హద్దు దాటినా న్యూట్రాన్లను పీల్చుకునే కడ్డీలు తక్షణం కిందికి పడాలి. ఇలాంటి పూల్ రియాక్టర్లలో ఆ కడ్డీలను సాధారణంగా విద్యుదయస్కాంతాలు పట్టుకుని ఉంటాయి. కరెంటు ఆపితే చాలు, భూమ్యాకర్షణ మిగతా పని చేస్తుంది. అంటే పరికరం పాడైనా, కరెంటు పోయినా రియాక్టర్ ఆగిపోయేవైపే పోవాలి. ఫెయిల్ సేఫ్ అని పుస్తకంలో రెండు మార్కులకు చదువుకునే మాటకు అసలు అర్థం ఇదే.

ఇదంతా వాక్యూమ్ ట్యూబులతో చేశారు. 1956 ఆగస్టు 4 మధ్యాహ్నం నీటి కొలనులో మునిగి ఉన్న ఆ రియాక్టర్‌లో గొలుసుచర్య తనంతట తాను నిలబడింది. సోవియట్ యూనియన్‌ను పక్కనపెడితే ఆసియాలో అదే మొదటి రియాక్టర్. నీటిలో నీలంగా మెరిసే ఆ వెలుగు చూసి నెహ్రూ దానికి అప్సర అని పేరుపెట్టారు, 1957 జనవరి 20న జాతికి అంకితం చేశారు. ఫొటోల్లో నెహ్రూ, భాభా కనిపిస్తారు. మీటర్ల వెనక వైరింగ్ చేసినవాళ్లు కనిపించరు. అది ఎప్పుడూ ఉన్నదే అనుకోండి.

ఆ తర్వాత 1960లో 40 మెగావాట్ల సైరస్, 1961లో జెర్లీనా వచ్చాయి. రావుకు 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ దక్కాయి.

నన్ను అడిగితే పురస్కారాల కంటే 1963లో జరిగిందే ముఖ్యం. చైనాతో యుద్ధం తర్వాత రేడియో సెట్ల దగ్గర్నుంచి రాడార్ దాకా ఎలక్ట్రానిక్స్‌లో ఎంత వెనకబడి ఉన్నామో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. అందులో మిగిలిన ముగ్గురు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు! దేశం తనకు కావలసిన ఎలక్ట్రానిక్స్‌ను పదేళ్లలో తానే తయారుచేసుకోవడానికి ఏం చేయాలో ఆ కమిటీ నివేదిక 1966లో లెక్కలతో చెప్పింది. కానీ ఆ ఏడాది జనవరి 24న భాభా ఆల్ప్స్ పర్వతాల్లో విమాన ప్రమాదంలో చనిపోయారు.

పెద్ద దిక్కు పోయినప్పుడు ఎన్నో రిపోర్టులు బీరువాల్లోకి చేరతాయి. ఇది చేరలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్ ఏర్పడింది. ట్రాంబేలో పరికరాలు తయారుచేసిన విభాగమే దానికి విత్తనం. దాన్ని మొలకెత్తించి 1978 దాకా నడిపించింది రావు. ల్యాబ్‌లో ఒక్క పీస్ చేయడం వేరు, అదే క్వాలిటీతో వెయ్యి చేయడం వేరు. యాభై ఏళ్లు దాటిన శాస్త్రవేత్త ఫ్యాక్టరీ పెట్టి, కొనుగోళ్లు, యూనియన్లు, డెలివరీ తేదీల మధ్య పడటం మామూలు నిర్ణయం కాదు.

ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను, తర్వాత టీడీసీ-316ను తయారుచేసింది. బ్లాక్ అండ్ వైట్ ఈసీ టీవీ చాలా ఇళ్లకు చేరింది. ప్రైవేటు బ్రాండ్లు వచ్చాక ఆ టీవీ నిలబడలేదు. దీన్ని చూపించి ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ విఫలమైందని తేల్చేసేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మార్కెట్ వేగాన్ని అందుకోవడం ఆ సంస్థకు రాలేదు. కానీ ఈసీఐఎల్‌ను టీవీతో కొలవడం అంటే సింగరేణిని దాని గెస్ట్‌హౌస్‌తో కొలిచినట్టు! 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడా అణు సహకారం ఆపేసింది. రాజస్థాన్‌లో సగంలో ఉన్న రెండో యూనిట్‌ను మనవాళ్లే పూర్తిచేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కల్పాక్కం నుంచి మొదలుపెట్టి వరసగా సొంత రియాక్టర్లు కట్టారు. బయటివాళ్లు మీటరు కూడా అమ్మమన్న రోజుల్లో కంట్రోల్ పరికరాలు చేసే ఫ్యాక్టరీ దేశంలో ఉండటం వల్లే ఆ పని ఆగలేదు. ఇప్పుడు మనం ఓటేసే ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి కూడా ఇదే.

రావు 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. ఇది చదివే వాళ్లలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు.

ఇక చిన్న రియాక్టర్ల విషయానికి వద్దాం. 300 మెగావాట్ల లోపు ఉండి, ఫ్యాక్టరీలో చాలాభాగం తయారుచేసి సైట్‌లో బిగించేవాటిని స్మాల్ మాడ్యులర్ రియాక్టర్లు అంటున్నారు. 2025 బడ్జెట్‌లో కేంద్రం అణుశక్తి మిషన్‌కు రూ.20,000 కోట్లు ప్రకటించి, 2033 కల్లా కనీసం ఐదు స్వదేశీ ఎస్‌ఎంఆర్‌లు నడవాలని లక్ష్యం పెట్టుకుంది. బార్క్ డిజైన్ చేస్తున్నవాటిలో 200 మెగావాట్లది ఒకటి, 55 మెగావాట్లది ఒకటి. ఈ రెండింటి మొదటి యూనిట్లు తారాపూర్‌లో అనుకుంటున్నారు. హైడ్రోజన్ తయారీ కోసం 5 మెగావాట్ల ఉష్ణశక్తి ఇచ్చే మరో రియాక్టర్ విశాఖలోని బార్క్ క్యాంపస్‌లో. ఇవి కాక మనకు బాగా అలవాటైన 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌నే సిమెంటు, ఉక్కు లాంటి పరిశ్రమల సొంత అవసరాలకు మలిచే ఆలోచన ఉంది.

55 అనగానే మా ప్రాంతం వాళ్లకు ఒక అంకె గుర్తురావాలి. 1971లో మొదలై, 2024 జూన్‌లో మూతపడిన రామగుండం జెన్‌కో థర్మల్ స్టేషన్ సామర్థ్యం 62.5 మెగావాట్లు. దాదాపు అదే సైజు. పూర్తిగా నడిస్తే దానికి రోజుకు సుమారు వెయ్యి టన్నుల బొగ్గు కావాలి. 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌కు రోజుకు కావలసింది ఏడెనిమిది ఇంధన బండిళ్లు, నూట పది కిలోల యురేనియం అటూఇటుగా. ఆ బండిళ్లు చేసేది కూడా హైదరాబాద్‌లోనే, ఈసీఐఎల్ పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. మూతపడే బొగ్గు ప్లాంట్ల స్థలాల్లో, గ్రిడ్ అందని మారుమూలల్లో, పెద్ద ఫ్యాక్టరీల పక్కన చిన్న రియాక్టర్లు పెట్టొచ్చని కేంద్రం చెబుతోంది. కాగితం మీద చూస్తే రామగుండం, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ రెండూ ఆ వర్ణనకు సరిపోతాయి. అంతమాత్రాన మనకు వచ్చేస్తుందని ఆశ పెట్టడం లేదు. జెన్‌కో స్థలంలో 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ కట్టాలన్నది రాష్ట్ర ప్రభుత్వ ఆలోచన.

పైగా చిన్నది అంటే చవక అని కాదు. అమెరికాలో నూస్కేల్ అనే కంపెనీ యూటా రాష్ట్రంలోని మున్సిపల్ విద్యుత్ సంస్థలతో పెట్టుకున్న ప్రాజెక్టు, ఖర్చు పెరిగిపోయి 2023 నవంబరులో రద్దయింది. రష్యాలో మాత్రం ఒక్కోటి 35 మెగావాట్ల రెండు రియాక్టర్లను ఓడ మీద పెట్టి, ఆర్కిటిక్ తీరంలో పెవెక్ అనే ఊరికి 2020 నుంచి కరెంటు, వేడి ఇస్తున్నారు. చైనాలో షిడావో బే దగ్గర గ్యాస్‌తో చల్లబరిచే 200 మెగావాట్ల స్థాయి యూనిట్ 2023 డిసెంబరులో వాణిజ్యపరంగా మొదలైంది. వాడిన ఇంధనాన్ని ఏం చేయాలన్న ప్రశ్న సైజు తగ్గితే పోయేది కాదు.

ఖర్చు ఎందుకు తగ్గదో అప్సర కథలోనే జవాబుంది. రియాక్టర్ 1 మెగావాటుదైనా 700 మెగావాట్లదైనా డిలేడ్ న్యూట్రాన్లు ఒకలాగే ప్రవర్తిస్తాయి. కౌంటర్ కావాలి, అయాన్ చాంబర్ కావాలి, పీరియడ్ మీటర్ కావాలి, కడ్డీలు పడాలి. ఈ రోజుల్లో ఒక్కో కొలతకు మూడు వేర్వేరు చానళ్లు పెట్టి, మూడింటిలో రెండు చెబితేనే రియాక్టర్‌ను ఆపే పద్ధతి వాడతారు. ఒక సెన్సర్ పాడైనంత మాత్రాన ప్లాంట్ ఆగదు, ఒకటి మొద్దుబారినా ప్రమాదం దాటిపోదు. రియాక్టర్‌ను నాలుగో వంతుకు తగ్గిస్తే ఈ చానళ్లు నాలుగో వంతుకు తగ్గవు. మారుమూల పెట్టి, తక్కువమందితో నడపాలంటే ఇంకా ఎక్కువ ఆటోమేషన్, దాన్ని పరీక్షించడానికి ఇంకా ఎక్కువ సాఫ్ట్‌వేర్, సైబర్ భద్రత కావాలి. ఉక్కు తగ్గుతుంది, ఎలక్ట్రానిక్స్ వాటా పెరుగుతుంది. రావు చేసిన పనికి గిరాకీ పెరిగేది అక్కడే.

కాబట్టి న్యూక్లియర్ ఇంజినీరింగ్ డిగ్రీ లేదని ఈ రంగాన్ని వదులుకోకండి. ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఈఈఈ, మెకానికల్, కెమికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు బార్క్ ట్రైనింగ్ స్కూల్ ఉంది. 1957 నుంచి నడుస్తోంది, డిగ్రీ ఏ బ్రాంచ్‌దైనా అణుశాస్త్రం వాళ్లే నేర్పిస్తారు. ఎన్‌పీసీఐఎల్ ఎగ్జిక్యూటివ్ ట్రెయినీలను గేట్ స్కోరుతో షార్ట్‌లిస్ట్ చేస్తుంది. ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ ఐటీఐ, డిప్లొమా వాళ్లకు అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. థర్మల్ ప్లాంట్‌లో టర్బైన్, కండెన్సర్, స్విచ్‌యార్డ్ దగ్గర పనిచేసినవాళ్లకు రియాక్టర్ ప్లాంట్‌లో సగం తెలిసినట్టే. ఆవిరి పుట్టాక అవతలి కథంతా రెండింటికీ ఒకటే.

గేట్ ర్యాంకు ఇంటర్వ్యూ గది తలుపు వరకే తీసుకెళ్తుంది. లోపల అడిగేది బేసిక్స్. డిలేడ్ న్యూట్రాన్లు లేకపోతే ఏమవుతుంది, ట్రిప్ సర్క్యూట్‌లో కరెంటు పోతే కడ్డీ ఎందుకు పడాలి, మూడింటిలో రెండు అనే లాజిక్‌ను గేట్లతో ఎలా గీస్తారు.. ఈ మూడూ బోర్డు మీద ఎవరి సాయం లేకుండా గీసి చెప్పగలిగేలా సిద్ధమవండి. లాగరిథమిక్ యాంప్లిఫయర్ అయితే ఒక ఆప్‌యాంప్, ఒక ట్రాన్సిస్టర్‌తో ఈ ఆదివారమే బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూడొచ్చు.